మోటార్ డ్రైవింగ్ స్కూల్ లైసెన్సు: కారు చివరికి కొనండి

"కారు చూసి పెట్టానండీ, బయానా కూడా ఇచ్చేశాను. ఇక స్కూలుకు లైసెన్సు తెచ్చుకోవడం ఎలాగో చెప్పండి." ఈ ప్రశ్న ఇదే వరసలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అడిగేవారికి బండి ఉంటుంది, ఉత్సాహం ఉంటుంది, బోర్డు మీద రాయించాల్సిన పేరు కూడా సిద్ధంగా ఉంటుంది. చట్టం అడిగే అర్హతలున్న శిక్షకుడు మాత్రం ఉండడు. అద్దె కాగితం తమ్ముడి పేరు మీద ఉంటుంది. దరఖాస్తు అక్కడ ఆగుతుంది, కారు ఇంటి ముందు ఎండకు ఎండుతుంది.

అందుకే ఈ మార్గదర్శిలో పని వరసను తిరగేశాను. ముందు మనిషి, తరువాత స్థలం, ఆ తరువాత గదిలోని సామగ్రి, చివరికి వాహనం. దరఖాస్తు వీటన్నిటి తరువాతే.

ఆధారం రెండు చోట్ల ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 12 ఒకటి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 24 నుంచి 31 వరకు ఉన్న నిబంధనలు రెండోది. చట్టం కేంద్రానిదే అయినా లైసెన్సు ఇచ్చేది, తనిఖీ చేసేది, రద్దు చేసేది రాష్ట్ర రవాణా శాఖ. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ నిబంధనలే వర్తిస్తాయి. దరఖాస్తు చేసే పోర్టల్, కౌంటరు, జత చేయమనే అఫిడవిట్లు కార్యాలయాన్ని బట్టి కొద్దిగా మారవచ్చు.

1. మీరు పెట్టేది ఏ రకం స్కూలు?

రెండు దారులున్నాయి. వీటిని కలగలిపి మాట్లాడేవారు ఎక్కువ.

మొదటిది మామూలు మోటార్ డ్రైవింగ్ స్కూలు. ఫారం 11లో లైసెన్సు ఇస్తారు. ఇక్కడ నేర్చుకున్నవారికి మీరు ఫారం 5లో ధ్రువపత్రం ఇస్తారు. అయినా వారు రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావలసిందే.

రెండోది గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రం. ఈ నిబంధనలు 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తేలికపాటి వాహనాల శిక్షణకు ఒక ఎకరం, భారీ వాహనాలకు రెండు ఎకరాల స్థలం కావాలి. సిమ్యులేటర్, బయోమెట్రిక్ హాజరు, ట్రాక్ ఉండాలి. శిక్షకుడు కనీసం 12వ తరగతి చదివి ఉండాలి. ఇక్కడ కోర్సు పూర్తిచేసి ఫారం 5బి పొందినవారికి డ్రైవింగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. లైసెన్సు జారీ చేసేది మాత్రం అప్పుడు కూడా రవాణా శాఖే.

2024 మే నెలలో "జూన్ 1 నుంచి ప్రైవేటు స్కూళ్లే లైసెన్సులు ఇస్తాయి" అన్న వార్త విపరీతంగా తిరిగింది. నిబంధనల్లో కొత్త మార్పేమీ లేదని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చాక కూడా ఆ మాట నమ్మి పెట్టుబడి పెట్టినవారు ఉన్నారు. ఎకరం స్థలం మీ చేతిలో లేకపోతే మీది మొదటి దారి. ఇక్కడి నుంచి చెప్పేదంతా దాని గురించే.

2. ముందు శిక్షకుణ్ణి ఖాయం చేసుకోండి

ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే కాబట్టి ఈ అంశం దగ్గర కొంచెం నిలబడదాం.

నిబంధన 24 ప్రకారం పాఠం చెప్పే వ్యక్తికి, అది మీరైనా మీ దగ్గర జీతానికి పనిచేసేవారైనా, ఇవన్నీ ఉండాలి:

- పదో తరగతి ఉత్తీర్ణత
- అయిదేళ్లకు తగ్గని డ్రైవింగ్ అనుభవం
- మోటార్ మెకానిక్ కోర్సు సర్టిఫికెట్, లేదా మెకానికల్ ఇంజనీరింగులో అంతకన్నా పై చదువు. అది ప్రభుత్వ సంస్థ నుంచి గానీ రాష్ట్ర సాంకేతిక విద్యామండలి గుర్తించిన సంస్థ నుంచి గానీ వచ్చి ఉండాలి
- ట్రాఫిక్ గుర్తులు, రోడ్డు నియమాల మీద పూర్తి అవగాహన
- వాహన భాగాలను చూపించి, అవి పనిచేసే తీరును వివరించగల నేర్పు
- ఇంగ్లిషు గానీ ఆ ప్రాంతపు భాష గానీ తగినంత రావడం

నిబంధనలో అయిదేళ్ల అనుభవానికి "అదనంగా" సర్టిఫికెట్ అని ఉంది, ఆ మాటను గమనించండి. అయిదేళ్ల అనుభవం లేదా సర్టిఫికెట్ అని కాదు, రెండూ కావాలి. ఇరవై ఏళ్లు లారీ నడిపిన మనిషికి మెకానిక్ సర్టిఫికెట్ లేకపోతే ఆయన కాగితం మీద శిక్షకుడు కాలేడు. ఐటీఐలో మోటార్ మెకానిక్ చేసి, గత ఏడాదే డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్న కుర్రవాడూ కాలేడు. ఇద్దరికీ ఉన్నది సగం అర్హతే.

మరి ఎక్కడ దొరుకుతారు? మీ ఊరి ఐటీఐలో పది, పదిహేనేళ్ల కిందట మోటార్ మెకానిక్ ట్రేడు చదివి ఇప్పుడు షెడ్డుల్లో, షోరూముల్లో పనిచేస్తున్నవారిని విచారించండి. అలాంటివారిలో చాలామంది చేతిలో పాత లైసెన్సు ఉంటుంది. ఆటోమొబైల్ లేదా మెకానికల్ డిప్లొమా చేసి వేరే పనిలో స్థిరపడినవారు కూడా పనికొస్తారు. మోటార్ మెకానిక్‌కు దగ్గరి ట్రేడైన డీజిల్ మెకానిక్ సర్టిఫికెట్ సరిపోతుందా అన్న అనుమానం వస్తే ఎవరి మాటా పట్టుకోవద్దు. నకలు తీసుకువెళ్లి మీ కార్యాలయంలోనే ముందుగా చూపించండి.

అనుభవానికి రుజువు అతని డ్రైవింగ్ లైసెన్సులో ఉండే జారీ తేదీ. మీరు నేర్పబోయే తరగతి ఆ లైసెన్సులో ఉందో లేదో చూడండి. కారు మాత్రమే ఉన్న లైసెన్సుతో లారీ నేర్పడం కుదరదు.

ఇంకొక మాట. సర్టిఫికెట్ ఉన్న మనిషి పేరును మాత్రం కాగితాల్లో పెట్టి, పాఠాలు ఇంకొకరి చేత చెప్పించడం ఈ రంగంలో పాత అలవాటు. ప్రమాదం జరిగిన రోజున సీట్లో ఎవరున్నారన్నది మొదటి ప్రశ్న అవుతుంది. అప్పుడు ఆ అలవాటు మిమ్మల్ని కాపాడదు.

శిక్షకుడి దగ్గర తీసుకోవలసినవి:

☐ పదో తరగతి మార్కుల మెమో నకలు
☐ మెకానిక్ సర్టిఫికెట్ లేదా డిప్లొమా నకలు, అసలుతో పోల్చి చూసినది
☐ డ్రైవింగ్ లైసెన్సు నకలు, రెండు వైపులా
☐ మీ స్కూలులో పనిచేయడానికి సమ్మతి తెలుపుతూ సంతకం చేసిన పత్రం
☐ ఫొటోలు, చిరునామా రుజువు

3. స్థలం: అద్దె కాగితం మీ పేరు మీదే ఉండాలి

స్కూలు నడిపే చోటు మీ సొంతమైనా కావాలి, మీ పేరు మీద లీజుకో అద్దెకో తీసుకున్నదైనా కావాలి. పాఠం చెప్పడానికి, నమూనాలు చూపడానికి చాలినంత జాగా ఉండాలి. శిక్షణ వాహనాలు నిలపడానికీ చోటుండాలి. వీధిలో కారు ఆపుకుని, లోపల ఒక బల్ల వేసుకుని కూర్చునే గది ఈ షరతుకు నిలవదు.

పదకొండు నెలల అద్దె ఒప్పందం మనకు బాగా అలవాటు. స్కూలు లైసెన్సు అయిదేళ్లది. మధ్యలో ఇంటి యజమాని ఖాళీ చేయమంటే, లైసెన్సింగ్ అధికారి రాతపూర్వక అనుమతి ముందుగా లేకుండా మీరు పక్క వీధికి కూడా మారలేరు. కాబట్టి అయిదేళ్ల లీజు రాయించుకుని రిజిస్టరు చేయించండి. ఖర్చు కొంత ఎక్కువే అయినా నిద్ర పడుతుంది.

యజమానితో మాట్లాడేటప్పుడు ఇంకొకటి అడగండి. లైసెన్సు మీద నిర్ణయానికి దరఖాస్తు అందిన నాటి నుంచి 90 రోజుల గడువు ఉంటుంది. ఆ మూడు నెలలు ఒక్క రూపాయి రాబడి ఉండదు. సగం అద్దెకు ఒప్పుకునే యజమానులు ఉంటారు. ముందే అడిగినవారికే ఒప్పుకుంటారు.

4. గదిలో ఉండవలసినవి

నిబంధన ఈ జాబితాను వివరంగా ఇచ్చింది. తనిఖీకి వచ్చే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) దాదాపు ఇదే వరసలో చూస్తారు. ఇంటి గోడకు అంటించుకుని ఒక్కొక్కటీ కొట్టేయండి.

☐ నల్లబల్ల
☐ రోడ్డు నమూనా బోర్డు, దాని మీద నమూనా సిగ్నళ్లు, చార్టులు
☐ ట్రాఫిక్ గుర్తుల చార్టు
☐ ఆటోమేటిక్ సిగ్నళ్లు, సిగ్నళ్లు లేని చోట పోలీసు చేతులతో చూపే సంజ్ఞల చార్టు
☐ వాహన భాగాలన్నిటినీ వివరంగా చూపే సర్వీసు చార్టు
☐ ఇంజను, గేర్ బాక్సు, బ్రేక్ షూ, డ్రమ్ములు
☐ పంక్చరు సామగ్రి: టైరు లీవరు, వీల్ స్పానరు, జాకీ, టైరు గాలి కొలిచే గేజీ
☐ ఫిక్స్ స్పానర్లు, బాక్స్ స్పానర్లు, కటింగ్ ప్లేయరు, స్క్రూడ్రైవర్లు, స్క్రూ స్పానరు, సుత్తి
☐ డ్రైవింగ్ బోధన పుస్తకం
☐ విద్యార్థులకు బెంచీలు, బల్లలు, ఒక వర్క్ బెంచీ
☐ వాహన యంత్రాంగం, డ్రైవింగ్, రోడ్డు భద్రత, ట్రాఫిక్ నియమాలు, మోటారు చట్టాల పుస్తకాలు
☐ పూర్తి సామగ్రితో ప్రథమ చికిత్స పెట్టె

మోటారు సైకిలు మాత్రమే నేర్పే స్కూలుకు ఇంజను, గేర్ బాక్సు వరస నుంచి మినహాయింపు ఉంది.

ఇంజను, గేర్ బాక్సు కొత్తవి కొనకండి. పాత వాహనాలు విడగొట్టే దుకాణాల్లో పనికిరాని ఇంజను దొరుకుతుంది. నూనె, మడ్డి పోయేదాకా డీజిలుతో కడిగి, ఒక పక్కన కోయించి, పిస్టన్ కనబడేలా చేసి రంగు వేస్తే పాఠానికి అంతకన్నా మంచి వస్తువు ఉండదు. విప్పదీసిన బ్రేక్ డ్రమ్ము చేతికిచ్చి చూపిస్తే, తడి రోడ్డు మీద బ్రేకు ఎందుకు జారుతుందో అరగంట ఉపన్యాసం అక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఈ సామానును తనిఖీ రోజు కోసం అద్దెకు తెచ్చి మర్నాడు తిరిగి ఇచ్చేవారి సంగతి నాకు తెలుసు. అధికారి ఏ సమయంలోనైనా మళ్లీ రావచ్చన్న సంగతి వారికి తెలియదు.

ప్రథమ చికిత్స పెట్టెలో మందుల గడువు తేదీలు చూసుకోండి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తనిఖీలో చేతికి మొదట అందేది ఆ పెట్టే.

5. ఇప్పుడు వాహనం

ఏ రకం వాహనంలో శిక్షణ ఇస్తారో ఆ రకానికి కనీసం ఒకటి మీ సొంతం అయి ఉండాలి. కారు, మోటారు సైకిలు నేర్పుతానంటే రెండూ కావాలి. లారీ కూడా అంటే మూడు. స్థోమత కొద్దీ ఒక రకంతో మొదలుపెట్టడం మేలు.

మూడు షరతులు గుర్తుంచుకోండి.

ఆర్సీ దరఖాస్తుదారు పేరు మీద ఉండాలి. అప్పు మీద కొన్నా ఆర్సీలో యజమానిగా మీ పేరే ఉంటుంది కనుక చిక్కు లేదు. బావమరిది కారు, మిత్రుడి కారు మాత్రం పనికిరావు. దరఖాస్తులో, లీజు పత్రంలో, ఆర్సీలో ఒకే పేరు, ఒకే అక్షరాలతో ఉందో లేదో చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకొకచోట వెనక ఉన్నందుకే వెనక్కి వచ్చిన దరఖాస్తులున్నాయి.

వాహనం శిక్షణకే కేటాయించాలి. ఆదివారం పెళ్లి బాడుగకు, పండక్కి ఊరికి అంటే కుదరదు.

మోటారు సైకిలు తప్ప మిగతా ప్రతి వాహనానికీ డ్యూయల్ కంట్రోల్ ఉండాలి. శిక్షకుడు తన పక్క నుంచే బండిని అదుపు చేయగలగాలి, ఆపగలగాలి. క్లచ్, బ్రేకు పెడళ్లు రెండూ ఎడమ పక్క బిగించడం వాడుకలో ఉన్న పద్ధతి. బిగించాక ఖాళీ మైదానంలో అర డజను సార్లు గట్టిగా ఆపి చూడండి. కేబుల్ సాగిపోయే చవక రకాలు మొదటి నెల బాగానే ఉంటాయి. ఆ తరువాత బ్రేకు తొక్కితే సగం దూరం గాలిలోనే పోతుంది.

ఈ బిగింపు బండిలో చేసిన మార్పు కాబట్టి, దాన్ని ఆర్సీలో ఎలా నమోదు చేయించాలో, వాహనాన్ని ఏ తరగతి కింద చూపాలో కొనకముందే రవాణా కార్యాలయంలో కనుక్కోండి. బయానా ఇవ్వడం ఆ తరువాతి పని.

బీమా సంస్థకు కూడా ఇది డ్రైవింగ్ నేర్పే బండి అని చెప్పి పాలసీలో రాయించండి. ప్రీమియం పెరుగుతుంది. మామూలు కారు పాలసీతో నడిపి ప్రమాదం జరిగాక చెబితే క్లెయిము దగ్గర పేచీ తప్పదు.

☐ ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, వర్తించే వాహనాలకు ఫిట్‌నెస్
☐ డ్యూయల్ కంట్రోల్ బిగించిన రసీదు, ఫొటోలు
☐ బండి మీద పెద్ద అక్షరాలతో స్కూలు పేరు, పూర్తి చిరునామా, ఫోను నంబరు
☐ ముందూ వెనకా ఎల్ గుర్తు

ఎల్ గుర్తుకూ కొలత ఉంది. 18 సెంటీమీటర్ల చదరపు తెల్లని నేల మీద ఎర్రని ఎల్ రాయాలి. అక్షరం ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు, మందం 2, అడుగున వెడల్పు 9 ఉండాలి. దుకాణంలో దొరికే చిన్న స్టిక్కరుకు ఈ కొలతలు ఉంటాయన్న నమ్మకం లేదు. స్కేలు పెట్టి కొలవండి.

6. ఫారం 12 దాఖలు, తనిఖీ

స్కూలు ఏ రవాణా కార్యాలయం పరిధిలో ఉందో అక్కడి లైసెన్సింగ్ అధికారికి ఫారం 12లో దరఖాస్తు చేయాలి. నిబంధన 32 కింద నిర్ణయించిన రుసుము కట్టి రసీదు భద్రపరచండి. అంకె మారుతూ ఉంటుంది కాబట్టి ఆ రోజు పోర్టల్ చూపిన మొత్తమే కట్టండి.

జత చేయవలసిన కాగితాలను ఈ వరసలో పెట్టి, ప్రతి పేజీకి అంకె వేయండి:

1. మీ గుర్తింపు, చిరునామా, విద్యార్హతల నకళ్లు
2. లీజు పత్రం లేదా సొంత ఆస్తి పత్రం, గది, పార్కింగ్ కొలతలతో గీసిన పటం
3. శిక్షకుల పత్రాలు
4. వాహన పత్రాలు
5. సామగ్రి జాబితా, ఫొటోలు
6. స్కూలును నిలకడగా నడపగల ఆర్థిక స్తోమతకు రుజువుగా బ్యాంకు స్టేట్‌మెంటు

ఆరో అంశాన్ని చాలామంది మరిచిపోతారు. దరఖాస్తుదారు ఆర్థిక వనరులను, ఆయనదీ సిబ్బందిదీ నడవడికనూ చూడాలని నిబంధనలోనే ఉంది. దరఖాస్తుకు రెండు రోజుల ముందు ఎవరో వేసిన డబ్బుతో నిండిన ఖాతా కన్నా, ఆరు నెలలుగా నెమ్మదిగా నడిచిన ఖాతా నమ్మకం కలిగిస్తుంది.

తనిఖీ రోజున శిక్షకుడు గదిలో ఉండాలి. ఎంవీఐ ఆయన్నే అడగవచ్చు: ఈ గుర్తు ఏమిటి, గేర్ బాక్సు పని ఏమిటి, క్లచ్ ఎందుకు అరుగుతుంది. మీరు పక్కనుంచి అందించబోతే చెడుతుంది. రెండు రోజుల ముందు ఇంట్లోవాళ్లను బెంచీల మీద కూర్చోబెట్టి ఒక పాఠం చెప్పించి చూడండి. ఎక్కడ తడబడతాడో అక్కడే తెలుస్తుంది.

లోపం చూపిస్తే అక్కడ వాదించకండి. రాసిమ్మని అడగండి, సరిచేసి ఫొటోతో సహా రాతపూర్వకంగా తెలపండి. మీ వాదన వినకుండా, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వకుండా దరఖాస్తును తిరస్కరించడానికి నిబంధన ఒప్పుకోదు. "కుదరదన్నారండీ" అని నోటిమాట పట్టుకుని వెనక్కి రావద్దు.

7. పాఠాల లెక్క

లైసెన్సు వచ్చింది, బోర్డు కట్టారు. ఇప్పుడు ఏం నేర్పాలన్నది మీ ఇష్టం కాదు. నిబంధన 31లో పాఠ్యప్రణాళిక ఎ నుంచి కె వరకు భాగాలుగా ఉంది.

కారు, మోటారు సైకిలు వంటి సొంత వాడకం వాహనాలకు ఎ, బి, సి, ఎఫ్, జి, కె భాగాలు నేర్పాలి. శిక్షణ 21 రోజులకు, స్టీరింగు పట్టి నడిపిన సమయం 10 గంటలకు తగ్గకూడదు. మోటారు సైకిలుకు సి భాగంలో దానికి వర్తించే పాఠాలు చాలు. రవాణా వాహనాలకు ఇ నుంచి కె వరకు నేర్పాలి. అక్కడ 30 రోజులు, 15 గంటలు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. రోజుకు అరగంట చొప్పున 21 రోజులంటే పదిన్నర గంటలు, సరిపోయిందనుకుంటారు. ఆదివారాలు సెలవిస్తే నడిపేది 18 రోజులే. 18 అరగంటలంటే 9 గంటలు. గంట తక్కువ! ప్రతి విద్యార్థికీ గంట తక్కువ చెప్పి, కాగితం మీద మాత్రం 10 రాసే స్కూళ్లు ఇలా పుడతాయి. మొదట్లో ఎవరూ మోసం చేయాలనుకోరు, లెక్క చూసుకోరు అంతే.

దిద్దుబాటు తేలిక. పాఠాన్ని 35 నిమిషాలు చేయండి, 18 రోజులకు పదిన్నర గంటలు వస్తాయి. లేదా అరగంటే ఉంచి, సోమవారం మొదలయ్యే కోర్సును 24 రోజులకు పొడిగించండి. రవాణా వాహనాలకు 30 రోజుల్లో నాలుగు ఆదివారాలు పోతే 26 రోజులు, 35 నిమిషాల చొప్పున 15 గంటల 10 నిమిషాలు.

ఒకరు నడుపుతుంటే వెనక సీట్లో కూర్చుని చూసే సమయం నేర్చుకోవడానికి మంచిదే. కానీ అది 10 గంటల్లోకి రాదు.

ఎఫ్, జి, కె భాగాల్లో ఉన్నవి ట్రాఫిక్ విద్య రెండో విడత, ప్రజలతో మెలగడం, ప్రథమ చికిత్స. స్టీరింగు ఇచ్చి పంపేసే స్కూళ్లు వీటిని వదిలేస్తాయి. వారానికి రెండు సాయంత్రాలు గదిలో పాఠం పెడితే ఇవన్నీ పూర్తవుతాయి, గదికి అద్దె కట్టినందుకు పని కూడా దొరుకుతుంది.

చేరిన ప్రతి ఒక్కరి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే లైసెన్సు) చూడకుండా బండిని రోడ్డు మీదికి తీయవద్దు. అది లేకుండా, పక్కన లైసెన్సున్న శిక్షకుడు లేకుండా నడిపించడం చట్ట విరుద్ధం. మోటారు సైకిలు మీద నేర్చుకునేవారితో పాటు శిక్షకుడు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు.

8. రిజిస్టర్లు, గోడ మీద కాగితాలు

లైసెన్సు పోయేది ఎక్కువగా రోడ్డు మీద కాదు, రిజిస్టరులో.

ఫారం 14: ప్రవేశాల రిజిస్టరు. ఏడాదికొకటి. విద్యార్థి వివరాలు, ఎల్‌ఎల్‌ఆర్ నంబరు, చేరిన తేదీ, పూర్తయిన తేదీ వంటివి ఇందులో ఉంటాయి. దానితోపాటు ఆ ఏడాది చేరినవారి పేర్ల అక్షరక్రమ జాబితా కూడా ఉంచాలి.

ఫారం 15: ఒక్కొక్క విద్యార్థికి విడిగా, రోజూ ఎన్ని గంటలు నడిపారో చూపేది. ఏ వేళ నుంచి ఏ వేళ వరకు అన్నది అప్పటికప్పుడు రాసి సంతకాలు చేయించండి.

ఫారం 5: కోర్సు ముగించినవారికి ఇచ్చే ధ్రువపత్రం. రవాణా వాహనం లైసెన్సు కోరేవారికి ఇది తప్పనిసరి. అందుకే "శిక్షణ అక్కర్లేదు, ఫారం 5 ఒక్కటి ఇవ్వండి, ఎంతైనా ఇస్తాను" అంటూ వచ్చేవారు తప్పకుండా వస్తారు. మొదటి వారంలోనే వస్తారు.

అలా ఇచ్చినవారు పట్టుబడే తీరు చాలా సాదా. ఒక కారు, ఒక శిక్షకుడు ఉన్న స్కూలులో ఉదయం 7 నుంచి 7.30 వరకు ముగ్గురు విద్యార్థులు నడిపినట్టు మూడు ఫారం 15లు పక్కపక్కన పెడితే చాలు. ఇంకొకరి సాక్ష్యం అక్కర్లేదు. మీ రిజిస్టరే సాక్షి. రోజుకు పది గంటలు బండి తిరిగినా, 35 నిమిషాల చొప్పున 17 మందికి మించి నేర్పలేరు. నెల చివర ఇన్ని ధ్రువపత్రాలు ఎలా ఇచ్చారని అధికారి భాగహారం చేస్తే మీ దగ్గర సమాధానం ఉండాలి.

కార్యాలయంలో అందరికీ కనబడేలా ఫారం 11 అసలు ప్రతిని, శిక్షకుల పేర్లు, చిరునామాలు పెట్టాలి. జిరాక్సు పెట్టి అసలును బీరువాలో దాచే జాగ్రత్త ఇక్కడ తప్పు.

9. తరచు జరిగే పొరపాట్లు

శిక్షకుడు మానేశాడు, చెప్పలేదు. అర్హతలున్న మనిషి లేని రోజు నుంచి స్కూలు నిబంధనకు దూరమైనట్టే. కొత్త మనిషి పత్రాలతో వెంటనే రాతపూర్వకంగా తెలపండి. అంతవరకు కొత్తవారిని చేర్చుకోకండి. రెండో శిక్షకుణ్ణి మొదటి ఏడాదిలోనే చూసి పెట్టుకుంటే ఈ ఇబ్బంది రాదు.

"లైసెన్సు గ్యారంటీ" అని బోర్డు రాయించారు. లైసెన్సు ఇచ్చేది మీరు కాదు. నేర్చుకోవడానికి వచ్చేవారిని తప్పుదారి పట్టించడం లైసెన్సు షరతులకు విరుద్ధం. తుడిపించి "శిక్షణ" అని రాయించండి.

రెండో వీధిలో ఇంకొక బ్రాంచి తెరిచారు. లైసెన్సు అందులో రాసిన చిరునామాకే. పాత బోర్డు మీద కొత్త చోట నడపడం కుదరదు.

రెండో కారు కొని, డ్యూయల్ కంట్రోల్ తరువాత బిగిద్దాంలే అనుకున్నారు. ఆ బండిని బిగించేదాకా ఇంట్లో ఉంచండి. నేర్చుకునే చేతుల్లో బ్రేకు ఒక్కటే ఉన్న బండి గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

రిజిస్టరు నెలాఖరుకు ఒకేసారి రాశారు. ఒకే సిరా, ఒకే చేతిరాత, ఒకే వరసలో సంతకాలు. చూసినవారికి ఇట్టే తెలుస్తుంది. కారు డాష్‌బోర్డులో ఫారం 15లు ఉన్న అట్టను పెట్టి, దిగేటప్పుడు రాయించే అలవాటు చేయండి.

10. నోటీసు వస్తే, గడువు దగ్గరపడితే

నిబంధన 24లోని షరతులు తప్పినా, వాహనాలను మంచి స్థితిలో ఉంచకపోయినా, పాఠ్యప్రణాళిక పాటించకపోయినా, రిజిస్టర్లు తదితర షరతులు ఉల్లంఘించినా లైసెన్సును కొంతకాలం నిలిపివేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. దానికి ముందు మీ వివరణ వినాలి. నోటీసుకు జవాబు గడువులోగా, అంశాల వారీగా, నకళ్లు జతచేసి ఇవ్వండి. తప్పు నిజమైతే ఒప్పుకుని, సరిదిద్దిన రుజువు పెట్టండి. లేని రిజిస్టరును అప్పటికప్పుడు తయారుచేస్తే చిన్న తప్పు పెద్దదవుతుంది.

ఆదేశం మీకు వ్యతిరేకంగా వస్తే, అది అందిన 30 రోజుల్లోగా రాష్ట్ర రవాణా శాఖ అధిపతికి అప్పీలు చేసుకోవచ్చు. కవరును దాచి, అది అందిన తేదీని దాని మీద రాసుకోండి, రోజులు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే.

ఫారం 11 పోతే, చిరిగితే నకలు కోసం దరఖాస్తు చేయండి. దాని మీద నకలు అని రాసి ఇస్తారు.

లైసెన్సు అయిదేళ్లు చెల్లుతుంది. పునరుద్ధరణకు ఫారం 13లో, గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. నాలుగున్నరేళ్లు నిండిన రోజునే ఈ పనులు మొదలుపెట్టండి:

☐ లీజు గడువు ఇంకా ఉందా, లేకపోతే కొత్త పత్రం
☐ శిక్షకుల లైసెన్సులు చెల్లుబాటులో ఉన్నాయా
☐ వాహనాల బీమా, కాలుష్య పత్రాలు
☐ వెలిసిపోయిన చార్టులు, చిరిగిన ఎల్ గుర్తులు మార్చారా
☐ అయిదేళ్ల ఫారం 14 పుస్తకాలు వరసగా ఉన్నాయా
☐ ఫారం 13, రుసుము రసీదు

అయిదేళ్ల కిందట కొన్న జాకీ ఇంకా లేస్తుందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.